కూర్చోడానికి ఒక స్టూలు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో పీరియడ్స్ సెలవు మీద ఒకాయన రాసిన ఉత్తరం చదివాను. ఇలా నెలనెలా సెలవులంటే ఆడవాళ్ళకి ఉద్యోగాలు ఎవరిస్తారు, మా అమ్మా మా నాయనమ్మా ఏ సెలవు పెట్టారు, పొలం పనులు చేసుకోలేదా అని రాసారు. ఆయన మీద నాకు కోపమేం లేదు గానీ నాయనమ్మ మాట ఎత్తారు కాబట్టి మా నాయనమ్మ సంగతి కూడా చెప్తాను. ఆవిడ ఆ మూడు రోజులూ పెరట్లో పశువుల పాక పక్కన చాపేసుకుని పడుకునేది, దాన్ని ఎవరూ సెలవు అనలేదు, "బయట కూర్చుంది" అనేవారు. వానాకాలమైనా అక్కడే, కంచం వేరు, చెంబు వేరు. అదేదో గొప్ప పద్ధతని చెప్పట్లేదు, అంటు పేరుతో పెట్టిన బాధే అది, పోవడమే మంచిదయింది. కాకపోతే ఆ చాప మీద ఆవిడ నడుం వాల్చేది కదండీ. మా దగ్గరికొచ్చేసరికి అంటూ పోయింది, దాంతోపాటు చాపా పోయింది.

నేను వైజాగ్‌లో ఒక పెద్ద బట్టల షోరూంలో చీరల సెక్షన్‌లో పని చేస్తున్నాను, పద్దెనిమిదేళ్ళు అయింది, పంతొమ్మిదేళ్ళకి చేరాను. ఇల్లు గాజువాక. పొద్దున్న తొమ్మిదిన్నరకి ఫ్లోర్ మీద ఉండాలి, రాత్రి తొమ్మిది దాకా, మధ్యలో అన్నానికి అరగంట. మిగతా టైమంతా నిలబడే ఉండాలి, కస్టమర్ లేకపోయినా సరే. మా ఫ్లోర్‌లో కస్టమర్లకి కుర్చీలున్నాయి, వాళ్ళతో వచ్చిన మగవాళ్ళకి సోఫాలున్నాయి, ఆఖరికి బొమ్మకి కూడా ఒక స్టాండ్ ఉంది. మాకు లేదు.

మాఘమాసం పెళ్ళిళ్ళ సీజన్ అంటే మీకు తెలిసిందే. ఒకసారి నాకు డేట్ వచ్చిన మొదటి రోజే ఒక ఫ్యామిలీ దిగారు, పెళ్ళికూతురు, తల్లి, ఇద్దరు పిన్నులు, ఒక అత్తగారు. పట్టుచీరలు విప్పుతున్నాను, భుజం మీద వేసి చూపిస్తున్నాను, అంచు లాగి పల్లూ పరుస్తున్నాను, పై ర్యాక్‌లో ఉన్నది కావాలంటే నిచ్చెనెక్కుతున్నాను. పొత్తికడుపులో ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు ఒక్కసారి మెలిపెట్టి వదులుతుంది, వదిలిందిలే అనుకునేలోపు మళ్ళీ, అక్కణ్ణుంచి నడుంలోకి, నడుంలోంచి తొడల్లోకి దిగుతుంది. చల్లటి చెమట. ఏసీ ఫుల్లుగా ఉంది, నా మెడ వెనక జాకెట్టు తడిసిపోయింది. "ఇదే రంగులో జరీ తక్కువుంది చూపించమ్మా" అంటున్నారు అత్తగారు, ఆవిడ మాట ఎక్కడో బావిలోంచి వినిపిస్తున్నట్టుంది. ఒక్క నిమిషమండీ అని ట్రయల్ రూంలోకి వెళ్ళి గడియపెట్టుకుని కింద కూర్చుండిపోయి నుదురు అద్దానికి ఆనించాను. చల్లగా ఉంది. ఆ చల్లదనం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే ఆ పూట నాకు దొరికిన సుఖం అదొక్కటే. రెండు నిమిషాలు కూడా కాలేదు, తలుపు మీద టకటక, ఫ్లోర్ మేనేజర్. కడుపునొప్పి సార్ అన్నాను. "పొద్దున్నేం తిన్నావ్?" అన్నాడు.

ఏం చెప్పమంటారు. ఉప్మా తిన్నాను సార్ అని చెప్పాను.

పద్దెనిమిదేళ్ళలో ఆ ఫ్లోర్ మీద మేం ఎంతమందిమి పని చేసుంటామో, గ్యాస్ అన్నాం, తలనొప్పన్నాం, బీపీ డౌన్ అయిందన్నాం, జ్వరమన్నాం, అసలు మాట మాత్రం ఒక్కరం అనలేదు. మాలో మేమైతే డేట్ అంటాం, మా శ్రీకాకుళం అమ్మాయి "బయటున్నానప్పా" అంటాది, ముట్టు అనే మాట పెద్దవాళ్ళ నోట తప్ప వినపడదు. పోనీ పేరుదేముంది గానీ, ఆ నొప్పిని నొప్పని చెప్పుకోడానికి ఎవరూ లేకపోవడమే నాకు పద్నాలుగేళ్ళు నష్టం చేసింది, ఈ ఉత్తరం అందుకే రాస్తున్నా.

నాకు ఇంటర్ చదివేటప్పట్నుంచే నొప్పి. అమ్మ నువ్వులుబెల్లం చిమ్మిలి పెట్టేది, వాము కషాయం ఇచ్చేది, వేడి ఇటుకని గుడ్డలో చుట్టి పొట్ట మీద పెట్టేది. పెళ్ళయితే తగ్గిపోతాదే అన్నారు, తగ్గలేదు. పిల్ల పుడితే తగ్గిపోతాదన్నారు, పాప పుట్టాక ఒక రెండేళ్ళు నిజంగానే తగ్గింది, పెద్దవాళ్ళ మాట నిజమే అనుకున్నా, ఆ తర్వాత రెట్టింపై వచ్చింది. ఒక క్లినిక్‌కి వెళ్తే పెద్దాయన తలెత్తకుండానే "అందరికీ ఉండేదేనమ్మా" అని నొప్పి బిళ్ళలు రాసిచ్చారు. ఇంకో చోట ఒక మేడమ్ "నువ్వు కొంచెం సెన్సిటివ్" అన్నారు. ఆడమనిషి నోటినుంచి ఆ మాట వచ్చేసరికి నాకే అనుమానం వచ్చింది, నిజంగానే నేను ఓర్చుకోలేని మనిషినేమో, మిగతావాళ్ళకీ ఇంతే ఉండి నవ్వుతూ తిరుగుతున్నారేమో అని. మెడికల్ షాపబ్బాయికి నేను కనపడితే చాలు, అడక్కుండానే స్ట్రిప్పు కత్తిరించేవాడు.

ఈలోపు జీవితంలోంచి ఏమేం పోయాయో లెక్క పెడితే నాకే ఆశ్చర్యం. నెలకి ఒకటీ రెండు రోజులు పనికి వెళ్ళలేకపోతే జీతం కటింగ్ ఒకటే కాదు, ఆ నెల అటెండెన్స్ ఇన్సెంటివ్ మొత్తం పోతుంది. చెల్లెలి పెళ్ళిలో తలంబ్రాలప్పుడు నేను వెనక గదిలో మంచం మీద ఉన్నా. పాప స్కూల్ యాన్యువల్ డేకి వెళ్ళలేదు, బీచ్‌కి వెళ్దామని పిల్ల అడిగితే క్యాలెండర్ చూసి చెప్తాను అనేదాన్ని, ఏడేళ్ళ పిల్ల గోడ మీద క్యాలెండర్ తెచ్చి చేతిలో పెట్టేది. మొగుడూ పెళ్ళాల మధ్య కూడా ఈ నొప్పి వచ్చి కూర్చుంది, అదింకా ఎవరితో చెప్పుకుంటాం, ఇష్టం లేక తప్పించుకుంటున్నానని మా ఆయన అనుకున్న రోజులున్నాయి. నొప్పున్న రోజులు నెలకి నాలుగైతే దాని గురించి భయపడే రోజులు ఇంకో పది.

ఇంకో తమాషా చెప్పాలి. ఇంట్లో పెళ్ళో వ్రతమో ఉంటే, సింహాచలం వెళ్ళాలంటే, డేట్ వెనక్కి జరిపే మాత్రలు మా అత్తగారే చీటీ ఇచ్చి తెప్పించేది, వద్దన్నా వేసుకోమనేది. అదే నొప్పికి మాత్ర వేసుకుంటుంటే "అన్నేసి మందులు మింగితే మళ్ళీ పిల్లలు పుట్టరు" అనేది. పాపం ఆవిడని అనకూడదు, ఆవిడకి ఎవరు చెప్పారని.

2021లో నొప్పి డేట్‌కి నాలుగైదు రోజుల ముందు నుంచే మొదలవడం, మోషన్‌కి వెళ్తే కత్తితో కోసినట్టుండటం మొదలైంది. అప్పుడు వెళ్ళిన డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి నన్ను ఐదారు ప్రశ్నలడిగారు. నొప్పి బ్లీడింగ్‌తో పాటే వస్తోందా, ముందే వస్తోందా, ఏడాదికేడాది పెరుగుతోందా, మోషన్‌కి యూరిన్‌కి వెళ్ళేటప్పుడుందా, భర్తతో కలిసినప్పుడుందా, నెలకి ఎన్ని రోజులు పని మానేస్తున్నావు. చివరి ప్రశ్నకి నాకు ఏడుపొచ్చేసింది, అన్నేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడ. స్కానింగ్‌లో ఎడమ అండాశయంలో ఐదు సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ ఉందన్నారు. పేరు భలే ఉంది కదా, లోపల పాత రక్తం చేరి చిక్కబడి కరిగిన చాక్లెట్‌లా ఉంటుందట, అందుకని ఆ పేరు. జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల ఉండే పొరలాంటిదే బయట, అండాశయాల మీద, పేగుల మీద పెరుగుతుంది, వాపొస్తుంది, కొందరికి లోపలి అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పిల్లలు పుట్టడం కష్టమైనవాళ్ళలో కూడా ఇది చాలామందిలో బయటపడుతుందట. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్ళలో పదిమందిలో ఒకరికి, అంటే ప్రపంచం మొత్తం మీద దాదాపు 19 కోట్ల మందికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పదిలో ఒకరంటే, మా ఫ్లోర్‌లో ఇరవై రెండు మందిమి ఉన్నాం, నాతో పాటు ఇంకొకరుండాలి మరి. నేను రోజూ వాళ్ళ మొహాలు చూస్తుంటాను.

మామూలు స్కాన్‌లో అన్నిసార్లూ కనపడదు కూడా, స్కాన్ నార్మల్ వచ్చింది కాబట్టి నీకేం లేదు అనడానికి లేదని ఆవిడే చెప్పారు. ప్రస్తుతం నాకు హార్మోన్ మాత్ర నడుస్తోంది, పోయిందని చెప్పను గానీ నిచ్చెనెక్కగలుగుతున్నా.

అందరి నొప్పీ ఈ జబ్బు అనుకుని భయపడక్కర్లేదు, అదీ చెప్పాలి. మా పాప ఇప్పుడు ఇంటర్ సెకండియర్, దానికీ మొదటి రోజు నొప్పే, వాంతులూ విరోచనాలూ కూడా. నా భయంకొద్దీ అదే డాక్టరమ్మకి చూపించాను, దీనిది మామూలు రకం అన్నారు. మామూలు అంటే తక్కువ నొప్పని కాదట. ఆ టైంలో గర్భసంచి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి, అవి కండరాన్ని గట్టిగా బిగిస్తాయి, బిగిసినప్పుడు రక్తనాళాలు నొక్కుకుపోయి కండరానికి ఆక్సిజన్ అందదు, నొప్పి అందుకు. గుండెకి రక్తం అందకపోతే గుండెనొప్పి ఎలా వస్తుందో ఇదీ దాదాపు అలాంటి లెక్కే అన్నారు. నాకా మాట మనసులో నాటుకుపోయింది. గుండెనొప్పన్న మనిషిని పొద్దున్నేం తిన్నావని ఎవరైనా అడుగుతారా? (అడుగుతారు లెండి, గ్యాసేమో అంటారు, కానీ కనీసం కూర్చోబెట్టి అడుగుతారు.) ఆ ప్రోస్టాగ్లాండిన్లే పేగుల మీద కూడా పని చేస్తాయి కాబట్టి విరోచనాలు.

మాత్ర సంగతి కూడా నాకు అప్పుడే అర్థమైంది. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు ముఖ్యంగా ఆ ప్రోస్టాగ్లాండిన్లు తయారవకుండా ఆపుతాయి, తయారైపోయినవాటి మీద అంతగా పని చెయ్యవు. అంటే పళ్ళు బిగపట్టి మధ్యాహ్నం దాకా ఓర్చుకుని ఇక చచ్చిపోతానన్నప్పుడు వేసుకుంటే, నేను ఇన్నేళ్ళూ చేసిన పని అదే, అంత బాగా పని చెయ్యదు, మొదలవుతూనే ఏదైనా తిని వేసుకోవాలి. మా ఇళ్ళల్లో ఓర్చుకోడాన్నే మంచి పెంపకం అంటారు కదా, ఓర్చుకుని ఓర్చుకుని మందు టైం దాటించేస్తాం. అలాగని ఇష్టమొచ్చినట్టు మింగకూడదు, అల్సరున్నవాళ్ళకీ ఆస్తమా ఉన్నవాళ్ళకీ కిడ్నీ సమస్యున్నవాళ్ళకీ పడకపోవచ్చు, 2023 చివర్లో మందుల ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ వాళ్ళు మెఫెనమిక్ యాసిడ్ వల్ల డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీ రావచ్చు, దద్దుర్లూ జ్వరం వస్తే చూసుకోండని హెచ్చరిక కూడా ఇచ్చారు. డాక్టర్‌ని ఒక్కసారి అడిగి వేసుకోవడం మంచిది. వేడి కాపడం కూడా బాగానే పని చేస్తుంది, మా అమ్మ ఇటుక తప్పేం కాదు. ఇప్పుడు మా పాపకి మా ఆయనే వేణ్ణీళ్ళ బ్యాగు నింపి ఇచ్చి ఆటో తీస్తారు, ఆయన్ని చూస్తే నవ్వొస్తుంది, ఒకప్పుడు ప్యాడ్లు కొనమంటే నల్ల కవర్లో చుట్టి అది చొక్కాలో దోపుకుని వచ్చిన మనిషి.

ప్యాడ్లంటే గుర్తొచ్చింది. ఈ పదేళ్ళలో ప్యాడ్ల గురించి మాట్లాడటం మనకి బాగానే వచ్చింది, 2018లో జీఎస్టీ తీసేసారు, జన్ ఔషధి షాపుల్లో రూపాయికి ప్యాడ్ ఇస్తున్నారు, మన రాష్ట్రంలో 2021లో స్వేచ్ఛ పేరుతో గవర్నమెంట్ స్కూళ్ళలో ఏడు నుంచి పన్నెండో తరగతి ఆడపిల్లలకి నెలకి పదేసి ప్యాడ్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. అన్నీ మంచివే. కానీ మరక ఎదుటివాళ్ళకి కనపడుతుంది కాబట్టి మాట్లాడుతున్నాం, నొప్పి కనపడదు కదా.

ఇక సెలవు సంగతి. బీహార్లో 1992 నుంచే గవర్నమెంట్ ఆడ ఉద్యోగులకి నెలకి రెండు రోజులుంది, అక్కడేం కొంపలు మునగలేదు. కేరళలో 2023లో యూనివర్సిటీ ఆడపిల్లలకి హాజరు 75 శాతం బదులు 73 చాలన్నారు, మా పాప అది విని మనం కేరళ వెళ్ళిపోదామంది. కర్ణాటక కేబినెట్ 2025 అక్టోబర్లో ప్రైవేటు వాళ్ళకి కూడా కలిపి ఏడాదికి 12 రోజులు జీతంతో సెలవుకి ఒప్పుకుంది. ఉత్తరం రాసినాయన చెప్పిన భయం సుప్రీంకోర్టు కూడా 2024 జులైలో అంది, తప్పనిసరి చేస్తే ఆడవాళ్ళని ఉద్యోగాల్లోకి తీసుకోవడం మానేస్తారేమో, ప్రభుత్వాలే అందరితో మాట్లాడి ఆలోచించాలి అని. ఆ భయం ఉత్తిదని నేననను, మా ఓనర్ని చూసాక అస్సలనను. జపాన్లో ఈ సెలవు 1947 నుంచీ చట్టంలో ఉందట, అయినా వాడుకునేవాళ్ళు వందలో ఒకరు కూడా లేరు. మగ మేనేజర్ దగ్గరికెళ్ళి ఇవాళ నాకు అదీ అని చెప్పాలి కదా, అక్కడైనా ఇక్కడైనా అదే గొంతులో అడ్డం.

అందుకే నాది చిన్న కోరిక. సెలవు వస్తే సంతోషం, పెద్దవాళ్ళు తేల్చుకోండి, ఈలోపు మా షాపు అమ్మాయిలకి కూర్చోడానికి ఒక స్టూలు ఇప్పించండి. నవ్వకండి. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల్లో పని చేసేవాళ్ళు కూర్చోవచ్చని చట్టంలోనే రాసుకున్నారు. కూర్చోవడానికి చట్టం కావాల్సి వచ్చిందంటే అక్కడా మాలాంటి వాళ్ళే ఉండుంటారు. రెండోది బాత్రూం, మా బిల్డింగ్‌లో స్టాఫ్ బాత్రూం సెల్లార్లో ఉంది, రెండో ఫ్లోర్ నుంచి దిగి ఎక్కాలి, లిఫ్ట్ కస్టమర్లకి, వెళ్ళినప్పుడల్లా పుస్తకంలో టైం రాయాలి. బ్లీడింగ్ ఎక్కువున్న రోజు ఎన్నిసార్లు రాస్తాం. మూడోది, నొప్పున్న పూట బిల్లింగ్ దగ్గరో మడత దగ్గరో వేస్తే పని ఆగదు, ఓనర్‌కి రూపాయి ఖర్చు లేదు, నిచ్చెన ఎక్కించకుండా ఉంటే చాలు.

ఆర్టీసీ బస్సు మాకు ఫ్రీ చేసారు, చాలా సంతోషం, జీతంలో నెలకి వెయ్యి మిగులుతోంది. కాకపోతే గాజువాక వెళ్ళే బస్సులో రాత్రి తొమ్మిదిన్నరకి సీటు దొరకదు, పగలంతా నిలబడి మళ్ళీ నిలబడే ఇంటికెళ్తాం. అది వేరే ఉత్తరం అవుతుంది లెండి.

స్టూలు అన్నానుగా, ఉట్టినే అనలేదు. కిందటేడు నా డబ్బులతోనే పూర్ణామార్కెట్లో 280 పెట్టి ఒక ప్లాస్టిక్ స్టూల్ కొని పట్టుచీరల ర్యాక్ వెనకాల పెట్టాను, కస్టమర్లు లేనప్పుడు, డేట్ ఉన్నవాళ్ళు ఐదు నిమిషాలు కూర్చునేవాళ్ళం, వంతులు మాకు మేమే వేసుకున్నాం. మూడు వారాలు బాగానే గడిచింది. తర్వాత సీసీ కెమెరాలో ఓనర్ గారు చూసారు. ఇప్పుడది స్టాక్ రూంలో ఉంది, దాని మీద అమ్ముడుపోని జాకెట్ ముక్కల కట్టలు పెట్టారు. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి, పంతొమ్మిదేళ్ళుంటాయి, నిచ్చెన దగ్గర మొహం తెల్లగా పాలిపోయి నిలబడింది, ఏటే అలగున్నావంటే "గ్యాస్ అప్పా" అంది. ఇంటికెళ్ళేటప్పుడు డాక్టరమ్మ అడ్రస్ రాసి ఇచ్చాను, నన్నడిగిన ప్రశ్నలు కూడా వెనకాల రాసాను.

ఎడిటర్ గారూ, నా పేరు వెయ్యకండి, ఉద్యోగం కావాలి. ఒక్క మనవి, మా షోరూంకి వచ్చేది మీ పేపరే, పొద్దున్నే క్యాష్ కౌంటర్ మీద ఉంటుంది, ఓనర్ గారు ఎడిట్ పేజీ తిప్పరు, బంగారం రేటు చూసి సినిమా పేజీకి వెళ్ళిపోతారు. వీలైతే ఇది బంగారం రేటు పక్కన వెయ్యండి.

ఇట్లు
చీరల సెక్షన్ సేల్స్ మనిషి,
గాజువాక, విశాఖపట్నం